ఆ టీచరును నేనే

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఉత్తరాల పేజీలో వీధికుక్కల గురించి ఒక పెద్దాయన రాశారు. చెత్తకుప్పలు, రాత్రుళ్లు అరుపులు, స్కూటర్ల వెంట పడటం, మనవరాలిని కిందికి పంపాలంటే భయం, అన్నీ రాసి చివర్లో ఒక చురక వేశారు. బడిలో పాఠాలు చెప్పుకునే ఉద్యోగం వదిలేసి కుక్కల తరఫున వాదించడానికి నల్లకోటు తొడుక్కున్న టీచర్లు కూడా మన విశాఖలో ఉన్నారట, ఇక మనుషులందరికీ న్యాయం జరిగిపోయింది కాబోలు అని.

ఆ టీచరును బహుశా నేనే. ఇంకొకరెవరైనా ఉంటే చాలా సంతోషం, కోర్టు క్యాంటీన్‌లో టీ ఖర్చు నాది.

కోపంతో రాయడం లేదు. ఆ ఉత్తరాన్ని మా ఇంట్లో నవ్వుకుంటూనే చదివాం. మా ఆయన పైకి చదివి, “పేరు వెయ్యలేదు గాని నీ ఫొటో ఒక్కటే తక్కువ” అన్నారు. అయితే ఆ చురకలో ఒక ప్రశ్న కూడా ఉంది. పందొమ్మిదేళ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పిన దాన్ని, ఊరుకోలేకపోయాను. క్లాసులో నేను జవాబు చెప్పలేక నీళ్లు నమిలింది ఒకే ఒక్కసారి. ఉద్యోగం మారడానికి కారణం అదే.

నగరంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు జీవశాస్త్రం చెప్పేదాన్ని. మా బడి వెనక బోరు మోటారు గది పక్కన ఒక ఆడకుక్క ఉండేది. కళ్ల చుట్టూ నల్లటి గీతలు ఉండటంతో పిల్లలు దానికి కాటుక అని పేరు పెట్టారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పే వేళకు సరిగ్గా వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. గంట కొట్టే ఆయా ఆలస్యం చేసిందేమో గాని కాటుక ఎప్పుడూ చెయ్యలేదు.

2018 జూలైలో అది నాలుగు పిల్లల్ని పెట్టింది. బాలింత కుక్క కదా, మోటారు గది వైపు ఎవరొచ్చినా గుర్రుమనేది. ఒకరోజు పొద్దున్న ప్రార్థన జరుగుతుండగా వెనక నుంచి అరుపు వినిపించింది. అది కుక్క అరుపని ముందు అర్థం కాలేదు. హాస్టల్ వంటగదిలో పనిచేసే మనిషి మరుగుతున్న గంజి తెచ్చి దాని వీపు మీద కుమ్మరించాడు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి చూసింది. ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు, లాక్కుపోయింది, అంతే.

వాచ్‌మన్ దుప్పటి ఇచ్చాడు. ఆటో అతను మొదట రానన్నాడు, సీటు మీద కాకుండా నా ఒళ్లో పెట్టుకుంటానన్నాక ఎక్కించుకున్నాడు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి చేరేసరికి వీపు మీద చర్మం తడిసిన కాగితంలా ఊడి వస్తోంది. డాక్టరుగారు నెమ్మదిగా కడిగి, మందు రాసి, బతుకుతుందో లేదో మూడు రోజులు ఆగితే గాని చెప్పలేనన్నారు. కాటుక బతికింది. పిల్లల్లో రెండు పోయాయి. మిగతా రెండింటికీ వాచ్‌మన్ దూదితో పాలు పట్టాడు.

ఆ సాయంత్రం పోలీసు స్టేషనుకు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ మర్యాదగానే కూర్చోబెట్టారు.

“ఎవరి కుక్కమ్మా?”

“ఎవరిదీ కాదండి. బడి దగ్గర ఉంటుంది.”

“మరి నష్టం ఎవరికి జరిగినట్టు?”

వెటకారం అనుకుని లోపల మండిపోయాను. లా చదివాక గాని తెలియలేదు, అది చాలా పదునైన న్యాయ ప్రశ్న అని. అప్పటి శిక్షాస్మృతిలో 428, 429 సెక్షన్లు ఉండేవి. 1860 నాటివి. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా వర్తిస్తాయి. అయితే దానికో ధర ఉండాలి. 10 రూపాయల విలువ ఉంటే రెండేళ్ల వరకు జైలు. ఆవు, ఎద్దు, గుర్రం, ఏనుగు లాంటివైతే ఎంత విలువైనా, మరే జంతువైనా 50 రూపాయల విలువ ఉంటే ఐదేళ్ల వరకు. కాటుకను సంతలో నిలబెడితే ఎవరు కొంటారు? ఎంతకు కొంటారు? ఆయన అడిగింది అదే, ఆయనకు ఆ సెక్షను గుర్తుందో లేదో గాని.

కాగితం రాసి ఇచ్చాను. రసీదు అడగాలని తెలియదు. “చూస్తాం మేడమ్” అన్నారు. బడి యాజమాన్యం వంట మనిషిని పిలిచి మందలించి, నన్ను కూడా పిలిచి, పేరెంట్స్ మీటింగు దగ్గర పడింది, ఈ గొడవ పెద్దది చెయ్యొద్దన్నారు. ఒక మాట చెప్పాలి. ఆ వంట మనిషిని జైల్లో పెట్టించాలని నాకు ఏనాడూ లేదు. పొద్దున్న నాలుగింటికి లేచి రెండొందల మందికి వండే మనిషి. అంతకు రెండు రోజుల ముందు కాటుక అతని లుంగీ పట్టుకుందట, భయపడ్డాడు. నాకు కావలసింది ఒకటే, అతను చేసింది తప్పు అని ఎవరో ఒకరు ఒక కాగితం మీద రాయాలి.

ఆగస్టు గడిచింది. దసరా సెలవులు వచ్చాయి. స్టేషను నుంచి ఫోను రాలేదు. నేనూ వెళ్లలేదు. క్వార్టర్లీ పరీక్షలు, పేపర్లు దిద్దడం, మా అమ్మాయి ఇంటర్ చదువు, నా కారణాలు నాకున్నాయి.

నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం. క్విజ్‌కు పిల్లల్ని తయారు చేసే పని నా మీద వేశారు, సోషల్ టీచరు ప్రసవానికి వెళ్లడం వల్ల. ప్రాథమిక విధులు చెబుతున్నాను. 51ఏ అధికరణంలో జీ అనే అంశం, అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులను కాపాడుకోవాలి, జీవుల పట్ల దయ కలిగి ఉండాలి. 1976లో 42వ సవరణతో వచ్చింది. బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి నిలబడి ఉంది. అదే అమ్మాయి.

“టీచర్, మరి ఆ విధి తప్పితే ఏటి శిక్ష?”

రేపు చెబుతానన్నాను. క్లాసులో నీళ్లు నమిలానన్నది అప్పుడే.

ఆ రాత్రి వంటగది గట్టు మీద ఫోను పెట్టుకుని జంతు హింస నిరోధక చట్టం, 1960, మొదటిసారి చదివాను. పదకొండో సెక్షనులో ఏవేవి హింసో పెద్ద జాబితా ఉంది. కొట్టడం, తన్నడం, మొయ్యలేనంత బరువు మోయించడం, హింసించడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, కదలలేని బోనులో పెట్టడం. చదువుతుంటే ఎవరో మనసున్నవాళ్లు కూర్చుని రాశారనిపించింది. తర్వాత శిక్ష దగ్గరికి వచ్చాను. మొదటిసారి తప్పు చేస్తే 10 రూపాయలకు తక్కువ కాకుండా, 50 రూపాయలకు మించకుండా జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. సున్నాలు ఏమీ రాలిపోలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ 36వ సెక్షను. నేరం జరిగిన మూడు నెలల్లోగా ప్రాసిక్యూషన్ మొదలుపెట్టకపోతే ఆ తర్వాత ఈ చట్టం కింద పెట్టడానికి లేదు. వేళ్ల మీద లెక్కపెట్టాను. జూలై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. కాగితం ఇచ్చేసి, నా పని అయిపోయిందనుకుని, ఎవరో చూసుకుంటారని నేను కూర్చున్న ఆ మూడు నెలల్లోనే కేసు చచ్చిపోయింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. పదకొండో సెక్షనులోని చాలా నేరాలకు పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చెయ్యలేరు. ఆ హెడ్ కానిస్టేబుల్‌ను ఎంత తిట్టుకున్నానో, ఆయన చేతిలో ఉన్నదీ తక్కువే. మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమ్మా అని ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. నేను అడిగి ఉన్నా బాగుండేది.

మర్నాడు క్లాసులో చెప్పాను, 50 రూపాయలు అని. వెనక బెంచీలోంచి ఒక గుంటడు, “మన ఐడీ కార్డు పోతే వంద కట్టమంటారు కదా టీచర్” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ రాత్రికి రాత్రే ఉద్యోగం మానేశానని అనుకోకండి, మధ్యతరగతి వాళ్లం. ముందు లా కాలేజీ ప్రవేశ పరీక్ష లాసెట్‌కు అప్లికేషన్ పెట్టి ఇంట్లో చెప్పాను. 2019లో మా ఇంట్లో డైనింగ్ టేబుల్‌కు ఆ చివర మా అమ్మాయి ఎంసెట్‌కు, ఈ చివర నేను లాసెట్‌కు. నాకు 43 ఏళ్లు. తొంభై నిమిషాల్లో 120 ప్రశ్నలు, అందులో సగం న్యాయశాస్త్రం వైపు మొగ్గు ఎంతుందో చూసేవి. పిల్లలకు ఎన్నో టెస్టులు పెట్టాను గాని బిట్ పేపరు ముందు నా చెయ్యి వణికింది. సీటు వచ్చింది. మూడేళ్ల కోర్సుకు క్లాసులకు హాజరు కావాలి. డిగ్రీ అయ్యాక కూడా జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ లాయరుగా ప్రాక్టీసు చెయ్యకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. అంటే ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ కుదరదు. రాజీనామా ఇచ్చాను. పీఎఫ్ డబ్బు ఫీజులకు పోయింది.

మా అత్తగారు నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. “ఇన్నాళ్లూ మనుషుల పిల్లలకు చెప్పావు, ఇప్పుడు కుక్కపిల్లలకు చెబుతావా?” అన్నారు. పెద్దాయన ఉత్తరం చదివినప్పుడు ఆవిడే గుర్తొచ్చారు. ఇప్పుడు మాత్రం వీధిలో ఎవరి కుక్కకు దెబ్బ తగిలినా, “మా కోడలు ప్లీడరు” అని నా నంబరు ఇచ్చేది ఆవిడే.

నా చేతులు పరిశుభ్రం అని కూడా చెప్పను. బీఎస్సీ జువాలజీలో నేను కోసిన కప్పలకు లెక్క లేదు. ట్రేలో పడుకోబెట్టి, గుండుసూదులు గుచ్చి, రక్తనాళాలు చూపించి మార్కులు తెచ్చుకున్నాను. 2014లో యూజీసీ జువాలజీ కోర్సుల్లో జంతువులను కొయ్యడం ఆపమంది. ఆ వార్త స్టాఫ్ రూములో చదివి, ఇక పిల్లలు ఏం నేర్చుకుంటారని వాదించినవాళ్లలో నేనూ ఒకదాన్ని. మనిషి మారడానికి సమయం పడుతుంది.

లా చదువుతుండగా ఒక సంగతి తెలిసి ముచ్చటపడ్డాను. ఈ 1960 చట్టం వెనక ఉన్నదీ ఒక టీచరే. కళాక్షేత్రం స్థాపించిన నాట్యాచారిణి రుక్మిణీదేవి అరండేల్. 1952లో రాజ్యసభకు నామినేట్ అయి, మరుసటి ఏడాది జంతు హింస మీద సొంతంగా ఒక బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇస్తే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ మాట చట్టమయ్యేసరికి 1960 వచ్చింది. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. భరతనాట్యం నేర్పే ఆవిడ పార్లమెంటులో ఎద్దుల గురించి, గుర్రాల గురించి మాట్లాడితే అప్పట్లో కూడా ఎవరో ఒకరు పత్రికకు ఉత్తరం రాసే ఉంటారు.

కరోనాలో సగం చదువు ఫోనులోనే సాగింది. 2023 ఫిబ్రవరిలో అఖిల భారత బార్ పరీక్ష రాశాను. ఇప్పుడు ఒక సీనియర్ దగ్గర పని నేర్చుకుంటూ నా కేసులు కొన్ని చూసుకుంటున్నాను. పెద్దాయన అనుకుంటున్నట్టు నేను పొద్దున లేస్తే కుక్కల తరఫున వాదించడం లేదు. అలా అయితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. చెక్ బౌన్సులు, మనోవర్తి కేసులు, ఇంటి అద్దె తగాదాలు, ఇవే నా బియ్యం. ఇప్పటిదాకా జంతువుల విషయంలో నేను కోర్టులో వేసిన కాగితాలు పదకొండు. వాటిలో రూపాయి ఫీజు వచ్చింది రెండింటికి. వాయిదా, వాయిదా, వాయిదా. సాక్షి వస్తే జడ్జిగారు సెలవు, జడ్జిగారు ఉంటే సాక్షి రాడు.

ఇక పెద్దాయన అసలు ప్రశ్న. మనుషులకే దిక్కులేని చోట జంతువులకు న్యాయమా అని. నా దగ్గరికి జంతువు ఎప్పుడూ ఒంటరిగా రాలేదండీ, దాని వెనక ఒక మనిషి వస్తారు. గాజువాక వైపు ఒక విధవరాలు, అరవై దాటిన మనిషి, తన పెన్షన్‌లోంచి కుక్కలకు అన్నం పెడుతోందని అపార్ట్‌మెంటువాళ్లు లిఫ్టు ఆపేశారు, ఒకాయన గిన్నె తన్ని ఆవిడను తోసేశాడు. ఇది కుక్క కేసా, మనిషి కేసా? ఆవిడకూ చెప్పాల్సింది చెప్పాను. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో, కుక్కలకు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని ఉంది. పిల్లలు ఆడుకునే చోటుకు, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా, అపార్ట్‌మెంటువాళ్లతో మాట్లాడుకుని ఒక చోటు ఖాయం చేసుకోవాలి. అంటే ఆ నిబంధన పెద్దాయన మనవరాలి కోసం కూడా రాసిందే. రెండు వైపులా కూర్చోబెట్టి, సెల్లార్ వెనక గోడ దగ్గర చోటు, రాత్రి తొమ్మిది తర్వాత సమయం ఒప్పించాం. కోర్టు దాకా పోలేదు. లిఫ్టు కూడా నడుస్తోంది.

కుక్క కాటు అంటే ఏమిటో తెలియక మాట్లాడుతున్నాననుకోవద్దు. మా ఏడో తరగతి పిల్లవాడిని బడి గేటు దగ్గరే కుక్క పట్టుకుంటే, కుళాయి కింద పదిహేను నిమిషాలు సబ్బుతో గాయం కడిగి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లింది నేనే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడమన్నది దాదాపు ఉండదు. అందుకే సూది వాయిదా వెయ్యకూడదు, పసుపూ కారమూ అద్దకూడదు. జీవశాస్త్రం టీచరుగా ఇంకో మాట చెబుతాను. ఒక ప్రాంతంలో కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంజి పోసి, విషం పెట్టి తరిమితే టీకా పడిన కుక్క పోయి దాని చోటికి పడనిది వస్తుంది.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను, టీకా చేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలమని, రేబిస్ జబ్బువాటినీ దూకుడుగా ఉండేవాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండులు, రైల్వే స్టేషన్ల నుంచి తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దంది. బడి గేటు దగ్గర నిలబడ్డ టీచరుగా ఆ చివరి మాటలో భయం నాకు అర్థమవుతుంది. లాయరుగా నా సందేహం ఒకటే, అన్ని కుక్కలను పెట్టే షెల్టర్లు ఎక్కడున్నాయి? చోటు లేకుండా తీసుకుపోతే అవి ఎక్కడికి పోతాయో కాటుకను ఒళ్లో పెట్టుకున్నదాన్ని, నాకు ఊహకందుతుంది.

ఈ చట్టాలు చదివేకొద్దీ ఇంకో విషయం కళ్లకు కడుతోంది. మనలాగే జంతువులకూ కులాలు పెట్టేశాం. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు. దాన్ని చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25 వేల జరిమానా. మంచిదే, ఇంకా ఉండాలి. 2021 డిసెంబరులో తంతడి దగ్గర వలలో చిక్కిన వేల్ షార్క్‌ను అటవీ శాఖవాళ్లు, జాలర్లు కలిసి సముద్రంలోకి సాగనంపినప్పుడు మా లా కాలేజీలో అందరం వీడియో చూసి చప్పట్లు కొట్టాం. కానీ అదే బీచి ఇసుకలో కుంటుతూ పిల్లలను మోసే గుర్రాన్ని, హోటలు వెనక పడుకునే కుక్కను హింసిస్తే 50 రూపాయలే.

గుర్రం అన్నాను కాబట్టి. బండి లాగే, బరువు మోసే జంతువులకు 1965 నిబంధనలు ఉన్నాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, ఏకబిగిన ఐదు గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని పెట్టకూడదు. ఇవి రాసినవాళ్లు ఎండను లెక్కేశారు గాని ఉక్కపోతను లెక్కెయ్యలేదు. మన విశాఖలో 34 డిగ్రీలకే మే నెలలో చొక్కా పిండితే గ్లాసుడు నీళ్లు వస్తాయి. కిందటి వేసవిలో ఆర్కే బీచిలో ఒక గుర్రం గిట్ట చీలి ఉండటం చూసి కేసు వేద్దామనే దిగాను. దాని యజమాని ఇరవై రెండేళ్ల కుర్రాడు. గడ్డి ధర, దాణా ధర, లాడాలు కొట్టే మనిషి దొరకని సంగతి చెప్పి, “మీరే చెప్పండమ్మా, దీన్ని ఏటి చెయ్యమంటారు?” అన్నాడు. కేసు వెయ్యలేదు. పశువుల డాక్టరును తీసుకెళ్లాను. గిట్ట మానేదాకా సవారీ మాన్పించాడు, నాలుగు వారాలు. ఐదో వారం మళ్లీ మొదలు, మధ్యాహ్నం పూట కూడా. నేను చేసింది సరైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కోడిపందేల సంగతి ఎత్తితే మా పెదనాన్న కొడుకు ఈ ఉత్తరం చదివి సంక్రాంతికి ఇంటికి రావద్దంటాడు. అయినా చెబుతాను. జంతువుల పోరు కోసం బరి నడపడం మాత్రం పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి అక్కర్లేకుండా నేరుగా పట్టుకోగల నేరం. చట్టం గట్టిగా ఉన్న అలాంటి చోటే మనం షామియానాలు వేసి, ఫ్లడ్ లైట్లు పెడతాం.

ఇన్ని చెప్పి మీ పత్రికను ఒకటి కోరుతున్నాను. 2022 నవంబరులో కేంద్రం ఈ 1960 చట్టానికి సవరణ ముసాయిదా ప్రజల అభిప్రాయం కోసం పెట్టింది. ఘోరమైన క్రూరత్వాన్ని విడిగా ఒక నేరంగా గుర్తించి, వేలల్లో జరిమానా, జైలు ప్రతిపాదించింది. ఈ ఉత్తరం రాస్తున్న నాటికి అది చట్టం కాలేదు. కుక్క కరిచిందనీ, కుక్కను కొట్టారనీ వచ్చే ప్రతి వార్త కింద ఆ ముసాయిదా ఏమైందో ఒక్క వాక్యం వేస్తే బాగుంటుంది. ఎంపీలు మీ పత్రిక చదువుతారు.

పాఠకులకు చెప్పాల్సింది, నేను నేర్చుకోవడానికి ఒక కేసును పోగొట్టుకున్నది, ఆ మూడు నెలల సంగతి. హింస మీ కళ్లెదుట జరిగితే ముందు జంతువును డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆయన రాసిన చీటీ దాచండి. దాని మీద తేదీ ఉంటుంది. ఫొటో తియ్యండి. స్టేషనులో ఫిర్యాదు ఇస్తే రసీదు లేకుండా బయటికి రావద్దు. చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షను అని రాయండి. అందులో పాత ధరలు తీసేశారు, ఏ జంతువైనా సరే, ఐదేళ్ల వరకు జైలు. ఎవరి ఆస్తికి నష్టం అనే పాత ముడి ఇంకా పూర్తిగా విడిపోలేదు, డిఫెన్సువాళ్లు దాన్నే పట్టుకుంటారు, అది మేం చూసుకుంటాం. స్టేషనులో తీసుకోకపోతే కమిషనరుగారికి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేసుకోవచ్చు. 1960 చట్టం కింద కేసు కోసమైతే క్యాలెండరు మీద మూడు నెలలు గీసి పెట్టుకోండి. సబ్బు, సూది సంగతిలాగే ఇది కూడా ఆలస్యం చేస్తే పనికిరాదు.

కాటుక ఇప్పుడు మా పాత వాచ్‌మన్ ఇంట్లో ఉంది, పెందుర్తి దగ్గర. ముసలిదైపోయింది. వీపు మీద ఆ మేర వెంట్రుకలు మళ్లీ మొలవలేదు, వేసవిలో వాళ్లావిడ కొబ్బరినూనె రాస్తుంది. ప్రశ్న అడిగిన అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. పదో తరగతి అయ్యాక వాళ్ల నాన్నకు బదిలీ అయింది. ఎక్కడున్నా ఈ పత్రిక చూస్తే, ఆ రోజు రేపు చెబుతానన్న జవాబులో సగమే చెప్పాను, మిగతా సగం దీని పై పేరాలో ఉంది.

చివరగా, నా పేరు వెయ్యవద్దని మనవి. భయపడి కాదు. లాయర్లు తమ గురించి తాము ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ఇంత పెద్ద ఉత్తరం కింద పేరు, నంబరు వేస్తే, మా సీనియరుగారే ముందు నోటీసు ఇస్తారు. ఉత్తరం రాసిన పెద్దాయనకు మాత్రం నా నంబరు మీ కార్యాలయం నుంచి ఇవ్వవచ్చు. వారి వీధిలో కుక్కలకు ఆపరేషనూ టీకా చేయించడానికి కావలసిన అర్జీ నేను రాసి పెడతాను, ఫీజు అక్కర్లేదు.

భవదీయురాలు,
ఒకప్పటి జీవశాస్త్రం టీచరు,
విశాఖపట్నం